చేతులెత్తిన చరిత్ర సంఘం

"నేల లేని ఇల్లూ, చరిత్ర లేని ఊరూ నిలబడవు!"

ఈ మహావాక్యాన్ని లోకానికి ప్రసాదించినవారు మా బావగారు. మా ఊరి చరిత్ర పరిరక్షణ సంఘానికి ఆయనే అధ్యక్షులు. నేల గురించి అంత సాధికారంగా ఎలా మాట్లాడగలరని మీకు అనుమానం రావచ్చు. ఆయనది ఫ్లోర్ టైల్స్ వ్యాపారం. సంఘం సమావేశాలు కూడా ఆ షోరూం పై అంతస్తులోనే, శాంపిల్ టైల్స్ మధ్యే జరుగుతాయి. షోరూం కట్టకముందు అక్కడ గడియారం ఉన్న పాత మేడ ఒకటి ఉండేది. దాన్ని పడగొట్టించింది బావగారే. అయితే చరిత్ర అంటే ఆయనకి ఎంత ప్రేమంటే, ఆ మేడ ఇటుక ఒకటి జాగ్రత్తగా తీయించి, అద్దాల పెట్టెలో పెట్టించి, పైన చిన్న లైటు కూడా బిగించారు. సంఘం ఆ ఇటుకతోనే మొదలైంది.

నేను సంఘానికి కార్యదర్శిని. బీమా ఆఫీసులో గుమాస్తాగిరీ పొట్టకోసం, ఇది పరువుకోసం. తీర్మానాలు చదవడం నా పని, చేతులెత్తడం సభ్యుల పని. ఇంతవరకు మా సంఘంలో ఒక్క తీర్మానం కూడా వీగిపోలేదు. మాది గొప్ప ఏకాభిప్రాయమని పత్రికలవాళ్లకి చెబుతుంటాం. అసలు కారణం టీ. తీర్మానాలన్నీ అయితే గానీ ఫ్లాస్కు మూత తియ్యకూడదని బావగారి నియమం. అందుకే "ఆమోదించినవారు" అన్న మాట నా నోట్లో ఉండగానే చేతులు లేచిపోతాయి. దేన్ని ఆమోదించామో టీ తాగుతూ ఒకళ్లనొకళ్లు కనుక్కుంటారు. కొందరు అదీ కనుక్కోరు.

మా చరిత్ర ఇలా హాయిగా సాగిపోతుండగా, బావగారి కూతురు, అంటే నా మేనకోడలు, పన్నెండో తరగతి పాసై యూనివర్సిటీలో చరిత్ర డిగ్రీ చదువుతానంది.

బావగారి చేతిలో కప్పు దారిలోనే ఆగిపోయింది. "ఏ చరిత్ర?" అన్నారు.

"నువ్వు రోజూ చెప్పేదే నాన్నా."

"నేను చెప్పేది సభల్లోనమ్మా. ఇంట్లో కాదు."

"చిన్నప్పట్నుంచీ మీ ఉపన్యాసాలు వింటూనే అన్నం తిందది. ఇంకేం చదువుతుంది?" అంది మా అక్కయ్య వంటింట్లోంచి.

పిల్ల ఊరికే అనలేదు. మూడేళ్లకీ పథకం వేసుకునే వచ్చింది. మొదటి ఏడాది పాత లిపులు నేర్చుకుని, రాళ్ల మీది రాతలు చదవాలి. రెండో ఏడాది రాజుల్ని కాస్త పక్కకి తప్పుకోమని, మామూలు మనుషులు ఏం తిన్నారో, ఏ పన్నులు కట్టలేక ఎవరితో పోట్లాడారో చూడాలి. మూడో ఏడాది మన ఊరి వీధుల మీదే పరిశోధన. ఎక్కడ ఏ భవనం ఉండేది, ఎవరు కట్టారు, ఎవరు పడగొట్టారు. చెబుతున్నంతసేపూ ఆ పిల్ల మొహం వెలిగిపోతూనే ఉంది. నాకు ముచ్చటేసింది.

"పడగొట్టడం దాకా దేనికమ్మా? కట్టడం దగ్గర ఆపేస్తే సరిపోదూ?" అన్నారు బావగారు.

పాపం, ఆయన కష్టం చిన్నది కాదు. వద్దని నోరారా అనే వీలు లేదు. "పిల్లల్ని కంప్యూటర్లకి తాకట్టు పెట్టే తల్లిదండ్రులారా, సిగ్గుపడండి" అని కిందటేడు వార్షికోత్సవంలో గర్జించి, ఆ మాటని ఫ్రేము కట్టించి షోరూంలో తగిలించారు. ఆ ఫ్రేము కిందే నిలబడి, కూతురికి కంప్యూటర్ కోర్సులో సీటు కోసం మూడు కాలేజీలకి ఫోన్లు చేశారు. చివరికి తన నోటితో కాకుండా వేరే నోటితో వద్దనిపించాలని మా ఉపాధ్యక్షుల్ని పిలిపించారు. ఆయన యూనివర్సిటీలో సాక్షాత్తూ చరిత్ర ప్రొఫెసరు. ఇద్దరు కొడుకులూ కంప్యూటర్లలోనే ఉన్నారు.

"చరిత్ర మహాసముద్రం తల్లీ," అన్నారు ప్రొఫెసరు, సోఫాలో సర్దుకుంటూ. "ఒడ్డున నిలబడి దణ్ణం పెట్టుకోవాలి గానీ దిగకూడదు."

"మీరు దిగారుగా సార్?"

"అప్పట్లో నాకు వేరే సీటు రాలేదమ్మా."

"చేరేవాళ్లు లేక మీ విభాగం మూసేస్తారంటున్నారు. నిజమేనా?"

ప్రొఫెసరు గొంతులో ఆవేశం పొంగింది. "నిజమే. ఆ దుర్మార్గాన్ని ఖండిస్తూ పోయిన నెలే మన సంఘం తీర్మానం చేసింది."

"మరి నేను చేరతానంటే వద్దంటారేంటి సార్?"

"ఖండించడం వేరు, చేరడం వేరు," అన్నారాయన. బావగారు ఆ మాటని కూడా ఫ్రేము కట్టించేవారే, కానీ ఎక్కడా తగిలించే వీలు లేదు.

ఆ సాయంత్రం మేనకోడలు మా ఇంటికొచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నాన్న సంతకం పెట్టట్లేదు మామయ్యా. వచ్చే వారంతో గడువు అయిపోతుంది. నువ్వూ వద్దనే అంటావా?"

నాకు జాలేసింది. కానీ బావగారికి ఎదురుచెప్పే గుండె నాకు లేదు. గుండె లేనప్పుడు మాట గట్టిగా వస్తుంది కాబోలు. "నేనా? వద్దంటానా? మా వాడు అడిగి ఉంటేనా, ఎత్తుకెళ్లి చేర్పించేవాణ్ణి," అన్నాను.

మా వాడూ ఈ ఏడే పన్నెండు పాసయ్యాడు. గుమ్మం దగ్గర సైకిల్ గొలుసు ఎక్కించుకుంటున్నవాడు తలెత్తి నన్నోసారి చూసి, మళ్లీ గొలుసు పనిలో పడ్డాడు. మేనకోడలు మాత్రం చాలాసేపు ఆలోచించి, "మీ సంఘంలో తీర్మానం ఎవరైనా పెట్టొచ్చా మామయ్యా?" అని అడిగింది. పెట్టొచ్చన్నాను. నియమావళి తెలిసినవాణ్ణి కదా.

శనివారం వార్షికోత్సవం. పత్రికా విలేకరి కూడా వచ్చాడు. నా తీర్మానాలన్నీ చదివేశాను, చేతులన్నీ లేచి దిగాయి. ఫ్లాస్కు వైపు చూపులు మళ్లుతుండగా మేనకోడలు లేచి నిలబడింది.

"అధ్యక్షా, నాదొక చిన్న తీర్మానం."

"యువత ముందుకు రావాలి," అన్నారు బావగారు, కెమెరా ఏ పక్కన ఉందో చూసుకుంటూ.

పిల్ల స్పష్టంగా, నెమ్మదిగా చెప్పింది. "యూనివర్సిటీలో చరిత్ర విభాగాన్ని కాపాడుకోవడం కోసం, మన సంఘం సభ్యులందరూ డిగ్రీలో చేరబోయే తమ పిల్లల్ని, మనవల్ని ఇకమీదట చరిత్రలోనే చేర్పించాలనీ, ఇది అధ్యక్షుల ఇంటినుంచే మొదలు కావాలనీ తీర్మానిస్తున్నాం."

ఆ సమయంలో నేను బిస్కెట్ల పళ్లెం ఏ వైపునుంచి వస్తుందా అని చూస్తున్నాను. ఆమె ఆగిందని మాత్రం తెలిసింది. ఆగితే నేను అనవలసిన మాట ఒకటుంది కనుక, "ఆమోదించినవారు" అన్నాను. చేతులన్నీ లేచాయి. ప్రొఫెసరుగారి చెయ్యి కునుకులోనే లేచింది. కెమెరా కోసం చిరునవ్వు సర్దుకుంటున్న బావగారి చెయ్యి అందరికన్నా ఎత్తుగా లేచింది.

"ఏకగ్రీవం," అన్నాను.

విలేకరి ఒక్కడే విన్నాడు. విని, లేచి చప్పట్లు కొట్టాడు. "ఇంత త్యాగం నేనెక్కడా చూళ్లేదు సార్. మీ అమ్మాయి దరఖాస్తు మీద ఇక్కడే సంతకం పెట్టండి, ఫొటో తీసుకుంటాను."

దరఖాస్తు పిల్ల సంచీలోనే ఉంది. బావగారు పళ్లు కనబడేలా నవ్వుతూ సంతకం పెట్టారు. ఫొటోలో వెనక ఇటుక కూడా చక్కగా పడింది.

తెల్లారేసరికి ఊరంతా ఆ వార్తే. సభ్యుల ఇళ్లలో ఏం జరిగిందో నాకు తెలియదు గానీ, నా ఫోను మాత్రం పొద్దుటినుంచీ మోగుతూనే ఉంది. మందుల షాపు నడిపే మా సంఘం కోశాధికారి నేరుగా ఇంటికే వచ్చేశాడు. "మా మనవడికి మెడిసిన్ సీటు మాట్లాడుకున్నాం. ఇదేం చోద్యం? అసలు ఆ తీర్మానానికి చెయ్యెత్తింది ఎవరు?" అని నన్ను నిలదీశాడు.

"మీరే," అన్నాను.

అతన్ని పంపించి కూర్చున్నానో లేదో, మా వాడు వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. "నాన్నా, నేనూ వదినతో పాటు చరిత్రలో చేరతా. నువ్వు ఎత్తుకెళ్లక్కర్లేదు. సైకిల్ మీద వెళ్లిపోతా."

నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు. వాడు నిజంగానే చదవాలనుకుంటున్నాడని అప్పుడు అర్థమైంది. చరిత్ర ఎంత గొప్పదో, మహాసముద్రం లాంటిదో, ఒడ్డున నిలబడి దణ్ణం పెట్టుకోవడం ఎంత మంచిదో ఓ అరగంట చెప్పాను. వాడు వినేసి, "వదినకి ప్రొఫెసరుగారు ఇంతకన్నా తొందరగా ముగించారట," అన్నాడు.

మర్నాడే అత్యవసర సమావేశం పెట్టాం. సంఘం పుట్టాక అంత హాజరు ఎన్నడూ లేదు. సభ్యులమన్న సంగతి మరిచిపోయినవాళ్లు కూడా గుర్తు తెచ్చుకుని వచ్చారు. పాత తీర్మానాన్ని రద్దు చెయ్యాలని ప్రతిపాదన. వింతేమిటంటే, దానికి అడ్డం పడింది బావగారే.

"నా కూతురు చేరిపోయింది. మీ పిల్లలూ చేరాల్సిందే. బలైతే నేనొక్కణ్ణే బలి కావాలా? చరిత్ర ఏమైపోవాలి?" అని బల్ల గుద్దారు.

వెనక వరసలో విలేకరి కూర్చున్నాడు. అతని పక్కనే మేనకోడలు. ప్రొఫెసరుగారు తన కొత్త విద్యార్థినికి మొదటి పనిగా మా సంఘం చరిత్ర రాయమన్నారట. వేరే సంఘమేదీ ఆయనకి గుర్తు రాలేదు కాబోలు.

నేను రద్దు తీర్మానం చదివి, "ఆమోదించినవారు" అన్నాను.

చేతులు లేవలేదు. అందరూ విలేకరి కలం వైపు చూశారు, తరవాత ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. ఫ్లాస్కు బల్ల మీదే ఉంది. దాని వైపు కూడా ఎవరూ చూడలేదు. అద్దాల పెట్టెలో ఇటుక ఒక్కటే వెలుగుతోంది.

అప్పుడొక చెయ్యి లేచింది. ఆ వెంటనే కోశాధికారిది, ఆ వెనక పది, తరవాత బావగారిది తప్ప అన్నీ. ఆయన చుట్టూ చూసి, నిట్టూర్చి, అలవాటు కొద్దీ ఆయనా ఎత్తారు.

"మామయ్యా," అంది వెనక వరసలోంచి నా మేనకోడలు, కలం పట్టుకుని. "మొదట ఎవరి చెయ్యి లేచింది? నేను రాసుకోవాలి."

"ఏకగ్రీవం అని రాసుకో అమ్మా," అన్నాను, నా చెయ్యి ఇంకా దించకుండానే.