మాండలిన్ ఎడమ భుజం

ఆ శనివారం రూఫస్ చేయవలసిన పనులు ఇవి. తోటపల్లి గూడూరు పోయి మునెయ్య దగ్గర మాండలిన్ తెచ్చుకోవాలి. దారిలో నాన్నకు బీపీ మాత్రలు కొనాలి. తెల్ల చొక్కా ఇస్త్రీకి ఇవ్వాలి. మర్నాటి చర్చి వార్షికోత్సవానికి ఎన్ని కుర్చీలు కావాలో టెంట్ హౌస్‌కు చెప్పాలి. చివరిది భార్య ఎవాంజెలిన్ తన చేత్తో రాసింది: "ఎవరితోనూ గొడవ పెట్టుకోకుండా పదకొండుకల్లా ఇంటికి రావాలి."

మాండలిన్ రూఫస్ తండ్రి జీవానందంది. ఆయన నెల్లూరులో ఒక బడిలో ప్యూన్‌గా చేసి రిటైరయ్యాడు. ముప్ఫై ఏళ్లపాటు ప్రతి ఆదివారం చర్చిలో పాటలకు మాండలిన్ వాయించాడు. భార్య రెబెక్కమ్మ పోయినప్పటి నుంచీ, అంటే మూడేళ్లుగా, దాన్ని ముట్టుకోలేదు. ఈసారి వార్షికోత్సవానికి ఒక్క పాట, రెబెక్కమ్మకు ఇష్టమైనది, వాయిస్తానని తనంతట తానే అన్నాడు. తీసి చూస్తే అడుగు చెక్క అతుకు విడిపోయి ఉంది. మునెయ్య పడవల వడ్రంగి. చెక్క పడవలు పోయి ఫైబరు పడవలు వచ్చాక తలుపులు, కిటికీలు, అడిగితే వీణలు, హార్మోనియాలు కూడా బాగుచేస్తున్నాడు. రూఫస్ అతనికే ఇచ్చాడు.

రూఫస్ వాళ్లింట్లో డిగ్రీ చదివిన మొదటివాడు. కృష్ణపట్నం ఓడరేవులో దిగిన సరుకు కొలిచి సంతకం పెట్టడం అతని ఉద్యోగం. కొలవని వస్తువును, సంతకం లేని మాటను అతను నమ్మడు. అందుకే పది రోజుల క్రితం మాండలిన్ ఇచ్చేటప్పుడు, దాని ఆకారం కాగితం మీద గీసి ఇమ్మని పట్టుబట్టాడు. అంతలో ఆఫీసు నుంచి ఫోన్ వస్తే బయటికి పోయాడు. తిరిగి వచ్చేసరికి మునెయ్య గీత గీసి పెట్టాడు. జామకాయను నిలువునా కోసినట్టు ఉంది. రూఫస్ దాని కింద తేదీ వేసి సంతకం చేసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఇప్పుడు మునెయ్య షెడ్డులో ఆ కాగితం బల్ల మీద పరిచి, దాని మీద మాండలిన్ పెట్టాడు. కిందివైపు గుండ్రం కుదిరింది. మెడ దగ్గర కుదిరింది. ఎడమ భుజం దగ్గర మాత్రం చెక్కకూ గీతకూ మధ్య చిక్కుడుగింజంత ఖాళీ వచ్చింది. కుడి భుజం దగ్గర గీత చెక్క కిందికి దూరిపోయింది.

"ఇది మాది కాదు," అన్నాడు రూఫస్.

మునెయ్య ఉలి కింద పెట్టాడు. "ఏందబ్బయ్యా?"

"మార్చినావు. ఇట్టాంటిది ఇంకొకటి వచ్చిందా ఇక్కడికి?"

"వచ్చింది. బుచ్చిరెడ్డిపాలెం చెంచురామయ్యది. తీగలు బిగించే బిరడాలు వేయించుకోని గురువారం తీసకపోయినాడు."

"రెండూ పక్కపక్కన పెట్టినావా?"

"పెడితే ఏమి? నా చెయ్యి పడిన చెక్క నాకు తెలవదా? నేను ఎట్ట గీసినానో అట్ట పెట్టి చూడు."

"ఎట్ట పెట్టాలో నువ్వు నాకు చెప్తావా? నేను ఓడలు కొలుస్తా మునెయ్యన్నా."

"ఓడలే కొలుచుకో పో," అని మునెయ్య వీపు తిప్పి రంపం అందుకున్నాడు. అతనికి అరవై ఐదేళ్లు. అతన్ని దొంగ అన్నవాడు అంతవరకూ లేడు. ఇంకొక్క మాట మాట్లాడితే రంపం ఎటు పోతుందోనని అతనికే భయమేసింది.

రూఫస్ షెడ్డు బయట నిలబడి కాగితాన్ని, మాండలిన్‌ను కలిపి ఫోటో తీశాడు. చర్చి వాట్సాప్ గ్రూపులో పెట్టి, కింద ఇలా రాశాడు: "ఎడమ భుజం గమనించగలరు. తోటపల్లి గూడూరు మునెయ్య వస్తువులు మారుస్తున్నాడు. ఎవరూ పని ఇవ్వకండి." చెంచురామయ్య ఇల్లు వెతుక్కుంటూ అతను బుచ్చిరెడ్డిపాలెం చేరేలోపు నలభైమంది నిట్టూర్పు బొమ్మలు పెట్టారు. కమిటీ పెద్ద ఒకాయన, మునెయ్యకు ఇవ్వాలనుకున్న చర్చి తలుపుల పని వేరే వడ్రంగికి చెప్పేశానని రాశాడు. రూఫస్‌కు కోపంలోనే కొంచెం తృప్తి కలిగింది.

చెంచురామయ్య ధాన్యం వ్యాపారి. గుళ్లో భజనకు మాండలిన్ వాయిస్తాడు. ఆ సమయానికి ఆయన మిల్లుకు పోయి ఉన్నాడు. భార్య కామాక్షి వాకిట్లో వడియాలు పెడుతోంది.

"మీ ఇంట్లో ఉండేది మా నాయన మాండలినమ్మా," అన్నాడు రూఫస్.

"నువ్వెవరివి? మా ఇంట్లో ఉండేది మీ నాయనది ఎట్టయిద్ది? చెయ్యి పిండిగా ఉంది, లేకుంటే తలుపేసుండేదాన్ని."

రూఫస్ అరుగు మీద కాగితం పరిచాడు. ఆమె లోపలి నుంచి మాండలిన్ తెచ్చి విసురుగా దాని మీద పెట్టింది. మెడ, ఎడమ భుజం, కుడి భుజం, కింది గుండ్రం. గీతకూ చెక్కకూ మధ్య వెంట్రుక దూరేంత సందు లేదు. కామాక్షి వంగి చూసింది. చుట్టూ తిరిగి చూసింది.

"అదీ సంగతి," అంది. "గురువారం నుంచీ ఈ మనిషి, ఇది ముందులాగా పలకట్లేదే, పలకట్లేదే అని నా ప్రాణం తీస్తుండాడు. ఆ వడ్రంగోడి పని చెప్తా ఉండు."

ఆమె పిండిచేత్తోనే మునెయ్యకు ఫోన్ చేసి, అతను అలో అన్నది మొదలు పెట్టేసేదాకా ఒక్క మాట మాట్లాడనివ్వలేదు. రూఫస్ తాను తెచ్చిన మాండలిన్‌ను ఆమెకిచ్చి, ఆమె ఇంటిదాన్ని సంచిలో పెట్టుకుని, న్యాయం జరిపించినవాడిలా బండెక్కాడు. మాత్రలు కొనడం మరిచాడు. కుర్చీల సంగతి మరిచాడు.

ఇంట్లో జీవానందం స్నానం చేసి, కొత్త పంచె కట్టుకుని కూర్చుని ఉన్నాడు. మాండలిన్ ఒళ్లోకి తీసుకుని కుడిచేయి ఆనించాడు. ముఖం మారింది. ఒక తీగ మీటాడు, ఇంకోటి మీటాడు.

"ఎవరిదిరా ఇది?"

"నీదే నాయనా. కొలిచి తెచ్చినా."

"తీగలు తిరగబడి ఉండాయి. లావుది ఉండాల్సిన కాడ సన్నది ఉండాది. చెయ్యి ఒరుసుకుంటోంది."

"చూసినావా," అన్నాడు రూఫస్ ఎవాంజెలిన్ వైపు తిరిగి. "తీగలు కూడా తప్పుగా వేసినాడు." గ్రూపులో అది కూడా రాశాడు.

మూడు గంటలకు వాకిట్లో కారాగింది. ముందు చెంచురామయ్య దిగాడు, చేతిలో మాండలిన్. వెనక మునెయ్య దిగాడు.

"ఏమయ్యా, నేను లేనప్పుడు మా ఆడమనిషిని మాటల్లో పెట్టి నా వస్తువు ఎత్తుకొస్తావా?" అన్నాడు చెంచురామయ్య.

"అది మీదని రుజువేంది? నా దగ్గర కాగితం ఉంది."

"నాది ఎడమచేతి వాటం. తీగలు చూడు, అన్నీ తిరగేసే ఉంటాయి. మద్రాసులో అడిగి చేయించుకున్నా. నువ్వు మా ఇంట్లో పారేసి వచ్చింది ఇదిగో, నా చేతికి ముల్లుగా ఉంది."

జీవానందం రెండిటినీ మంచం మీద పక్కపక్కన పెట్టాడు. చాలాసేపు వేలితో అంచులు తడిమాడు. "ఒకరి చేతి పనే," అన్నాడు మెల్లగా. "ముంజేయి ఆనే భుజం రవంత తగ్గించి చేసినాడు మేస్త్రీ. నాకు ఎడమ పక్క. ఈయనకు కుడి పక్క. మరి నీ కాగితంలో నాది కుడి పక్కన ఎట్ట తగ్గిందిరా?"

అందరూ మునెయ్యను చూశారు. మునెయ్య కాగితాన్ని మంచం మీద పరిచి, జీవానందం మాండలిన్‌ను తీసి, తీగలు కిందికి వచ్చేలా బోర్లించి దాని మీద పెట్టాడు. గీత అంతటా కుదిరింది.

"మేము పడవ పనోళ్లం," అన్నాడు. "ఏదైనా బోర్లించే గీస్తాం. పొద్దున చెప్పినా గదా, ఎట్ట గీసినానో అట్ట పెట్టమని."

ఎవాంజెలిన్ తల పట్టుకుంది. మాండలిన్‌ను మార్చినవాడు ఈ భూమ్మీద రూఫస్ ఒక్కడేనని అప్పటికి అందరికీ అర్థమైంది, రూఫస్‌కు తప్ప. అతనికి ఇంకో నిమిషం పట్టింది.

జీవానందం గొంతు ఎప్పుడూ పెద్దది కాదు. అప్పుడు కూడా కాలేదు. "ఆ ఫోన్లో ఎంతమంది ఉండారు?"

"నూట అరవై రెండు."

"వాళ్లందరి ముందు చెప్పు, తప్పు నీదని. రేపు చర్చిలో. మునెయ్య వచ్చి కూర్చుంటేనే నేను వాయించేది. లేదంటే నా పాత కోటును తగిలించినట్టు దీన్నీ గోడకు తగిలించు."

"నేను రాను పెద్దాయనా," అన్నాడు మునెయ్య. "తలుపుల పని ఎట్టాగూ పోయిందంట. ఇంకేదన్నా చూసుకోవాల." కాఫీ ముట్టకుండానే పోయి కారులో కూర్చున్నాడు.

ఆదివారం రూఫస్ ముందుకు పోయి నిలబడ్డాడు. తప్పు ఒప్పుకోవడం అంత కష్టం కాలేదు. వివరించడం కష్టమైంది. మాండలిన్‌ను వెల్లకిలా ఒకసారి, బోర్లా ఒకసారి పట్టుకుని చూపించాల్సి వచ్చింది. వెనక బెంచీల వాళ్లు కనపడలేదన్నారు. ఇంకోసారి చూపించాడు. ఆ తర్వాత జీవానందం దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు గానీ తీగ మీటలేదు. తలుపు వైపే చూస్తున్నాడు. పాస్టరుగారు ఆయన్ను చూసి ప్రార్థన పొడిగించారు. వానల కోసం చేశారు, రొయ్యల చెరువుల కోసం చేశారు, పరీక్షలు రాసే పిల్లల కోసం చేశారు. పిల్లల వంతు అయిపోయే సమయానికి, చెంచురామయ్య మునెయ్యను మోచేత్తో నెట్టుకుంటూ లోపలికి తెచ్చి చివరి బెంచీలో కూర్చోబెట్టాడు.

జీవానందం వాయించాడు. రెండు చోట్ల వేలు జారింది. మూడో చరణంలో ఆగి, కళ్లు తుడుచుకుని, మళ్లీ ఎత్తుకున్నాడు.

పాట అయ్యాక మునెయ్య లేచి, పెద్దాయనకు దూరం నుంచే దండం పెట్టి, రూఫస్ వైపు చూడకుండా వెళ్లిపోయాడు. తలుపుల పని తిరిగి అతనికి రాలేదు. వేరే వడ్రంగి అప్పటికే చెక్క కోసేశాడు. కాబట్టి మీలో ఎవరికైనా తలుపో, కిటికీయో, విడిపోయిన వీణో ఉంటే తోటపల్లి గూడూరు మునెయ్యను గుర్తుపెట్టుకోండి. రూఫస్ పంపించాడని మాత్రం చెప్పకండి.