గూగుల్లో లేని వంటశాల

పొద్దున అయిదున్నరకు పళ్ళు తోముకుంటూ ఫోన్లో వెతికిన ధనశేఖర్‌కు, మునస్వామి వంటశాల ఈ ప్రపంచంలో ఎక్కడా లేదని తెలిసింది.

మొన్నటిదాకా "తిరుచానూరు క్యాటరింగ్" అని కొడితే మొట్టమొదట వచ్చేది అతని వెబ్‌సైటే. ఇప్పుడు మొదటి పేజీలో లేదు. రెండో పేజీలో లేదు. తొమ్మిదో పేజీలో కుర్చీలు అద్దెకిచ్చేవాడు ఉన్నాడు గానీ ధనశేఖర్ లేడు. నోట్లోని నురగ గడ్డం మీదికి కారింది.

ఆ గురువారం అతను పెట్టుకున్న పని ఒక్కటే. అమ్మవారికి దణ్ణం పెట్టుకుని వచ్చి, పదకొండింటికి ఫోను పక్కన కూర్చోవడం. శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీకి క్యాంటీను నడిపేవాళ్ళు కావాలి. రోజూ నాలుగు వందల భోజనాలు. సిఫార్సులు వద్దు, లింకులు పంపవద్దు, గురువారం పదకొండింటికి మేమే గూగుల్లో చూసి ఎంచుకుంటామని అక్కడి మేనేజరు లోహిత ముందే చెప్పింది. పెళ్ళిళ్ళ మీద బతికే వంటశాల అతనిది. మూఢం వచ్చిందంటే పొయ్యి వెలగదు, పన్నెండుమంది వంటవాళ్ళు ఊళ్ళకు పోతారు. ఈ క్యాంటీను దొరికితే ఇక మూఢానికి భయపడనక్కరలేదు.

"సైటు పోయింది!" అని అరిచాడు.

"యాడ పెట్టినావో సూసుకో," అంది భార్య నిర్మలమ్మ వంటింట్లోంచి.

వరండాలో కొత్తిమీర తుంచుతున్న తండ్రి మునస్వామి ఒకసారి తలెత్తి చూసి, మళ్ళీ తన పనిలో పడ్డాడు.

సైటు కట్టింది కూతురు రూపశ్రీ. తిరుపతిలో ఇంజనీరింగు చదువుతోంది. పరీక్షల రోజుల్లో ఆ హాస్టల్లో ఫోన్లు ముందురోజే వార్డెనుకు అప్పగించాలి. పదిన్నరదాకా ఆమె దొరకదు. ధనశేఖర్ బస్టాండు దగ్గర కంప్యూటరు సెంటరు నడిపే రవిచంద్ర దగ్గరికి పరుగెత్తాడు.

రవిచంద్ర చాలాసేపు తెరను చూసి, గొంతు తగ్గించాడు. "అన్నా, ఇది దానంతట అది పోయింది కాదు. ఎవురో తీసినారు. నీకు పడనోళ్ళు ఎవురన్నా ఉండారా?"

ధనశేఖర్ కళ్ళముందు కృష్ణమూర్తి మీసం మెదిలింది. అదే వీధి చివర క్యాటరింగ్. గూగుల్లో ఎప్పుడూ రెండో స్థానం.

"వాడి సంగతి తర్వాత సూస్తాం. ముందు మనం పైకి రావాల గదా? జనం వెతికే ఆ మాటను వరస వరసలో ఎక్కించినామంటే గూగుల్ సచ్చినట్టు తెస్తాది," అన్నాడు రవిచంద్ర.

ఏడున్నరకల్లా ఎక్కించేశాడు. సైటులో మెనూ ఇలా తయారైంది: "తిరుచానూరు క్యాటరింగ్ ఇడ్లీ. తిరుచానూరు క్యాటరింగ్ వడ. తిరుచానూరు క్యాటరింగ్ మిరియాల రసం." గూగుల్ చలించలేదు.

"అట్లయితే జనబలం సూపించాల," అన్నాడు రవిచంద్ర. "మ్యాపులో మీ వంటశాల ఇంకా ఉండాది. సుట్టాలందరి చేతా దానికి నక్షత్రాలు పెట్టించు."

నిర్మలమ్మ చిత్తూరు, పుత్తూరు, పలమనేరు, ఒక్క ఇల్లూ వదలకుండా ఫోన్లు చేసింది. "మనం ఒకటో నంబరు రావాల. అందరూ నక్షత్రం పెట్టండి," అని చెప్పింది. బంధుత్వం అంటే ఏమిటో ఆ పొద్దున తెలిసింది. తొమ్మిదిన్నరకల్లా ముప్పై నాలుగు మంది పెట్టారు. ముప్పై నాలుగు మందీ ఒక్కొక్క నక్షత్రమే పెట్టారు.

ధనశేఖర్ చిత్తూరుకు ఫోన్ చేశాడు. "పిన్నమ్మా, అయిదు పెట్టాల్సింది ఒకటి పెట్టినారే!"

"ఒకటో నంబరు కావాలని మీ ఆడామె అనె గదరా?" అంది వరలక్ష్మమ్మ. "అయిదు పెడితే అయిదో నంబరుకు పోతావని మనోళ్ళందరికీ నేనే ఫోన్ చేసి మరీ చెప్పినా."

"తీసేయ్ పిన్నమ్మా!"

"యాడ తీసేది? మీ తమ్ముడు పెట్టిచ్చి ఆఫీసుకు పాయ."

ధనశేఖర్ చొక్కా తొడుక్కున్నాడు. పోలీసు స్టేషనుకు పోయి కృష్ణమూర్తి పేరు రాసిచ్చి రావాలనుకున్నాడు. గడప దాటేలోగా కృష్ణమూర్తే ఎదురొచ్చాడు. అతని చేతిలోనూ ఫిర్యాదు కాగితం ఉంది.

"శేఖరా, నా సైటును ఏం చేసినావో మర్యాదగా చెప్పు."

"నేనా? నువ్వు నాది మాయం చేసి, నాకాడికే వచ్చి అడగతా ఉండావా?"

"నీది పోయిందా? మరి నాదెట్ల పాయ?"

ఇద్దరూ ఫోన్లు మార్చుకుని చూసుకున్నారు. ఇద్దరూ లేరు. ఒకరినొకరు అనుమానించడానికి కూడా ఆధారం లేకుండా పోయింది. పదిన్నర దాటాక ఫోను మోగింది. ధనశేఖర్ స్పీకరు నొక్కాడు. రూపశ్రీ.

ఆమె అయిదు నిమిషాలు ఏదో చూసి, నెమ్మదిగా చెప్పింది. "నాయనా, బయటోళ్ళు కాదు. మన పాస్‌వర్డుతోనే లోపలికి వచ్చి, గూగుల్‌కు మన సైటు కనపడకుండా ఒక టిక్కు పెట్టినారు. పోయిన శనివారం పొద్దున, అయిదూ నలభైకి. నేను తీసేసినా గానీ, మళ్ళీ పైకి వచ్చేదానికి దినాలు పడతాది. ఆ మెనూ అట్ల రాసిందెవురు?"

"శనివారం మన సైటులోకి పోయిందెవురు?"

"నేను పోలా. దినామ్మూ మెనూ రాసేది తాతే గదా."

కృష్ణమూర్తి కాగితాన్ని మెల్లగా మడిచాడు. "నాకు తెలుగు టైపు రాదు శేఖరా," అన్నాడు నేలచూపులు చూస్తూ. "మాస్టరు, మీ నాయనే, దినామ్మూ మా ఇంటికొచ్చి, కాఫీ తాగి, నాదీ రాసి పోతా ఉండాడు. నీకు చెప్పొద్దన్నాడు."

ఇద్దరూ వరండా వైపు తిరిగారు. అప్పుడే పదకొండు దాటింది. ధనశేఖర్ ఫోను మళ్ళీ మోగింది.

"ధనశేఖర్ గారా? నా పేరు లోహిత. మీ నంబరు మ్యాపులో దొరికింది. ఒకే పూట ముప్పై నాలుగు మంది మీకు ఒక్క నక్షత్రం ఇచ్చారండీ. ఎవరూ ఆసుపత్రిలో లేరు కదా? మనసాగక చేశాను."

"లేదు మేడమ్, వాళ్ళు మా సుట్టాలు."

"సొంత చుట్టాలా?" అంది ఆమె మరింత బాధగా. "సరేనండీ. మీ ఊరి నుంచి ఒక్క సైటూ కనపడలేదు. నాయుడుపేట వాళ్ళకు ఇచ్చేశాం."

"క్యాంటీను నాయుడుపేటోళ్ళకు పాయ," అని ధనశేఖర్ ఫోను పెట్టేసి, అరుగు మీద కూలబడ్డాడు. పక్కనే కృష్ణమూర్తి కూలబడ్డాడు. మునస్వామి కొత్తిమీర కాడలను ఒక పక్కకు తోసి, చేతులు తుడుచుకున్నాడు.

"నేనేరా పెట్టింది," అన్నాడు. "మెనూ రాసే చోట పక్కన ఒక లెక్క కనపడతాది. ఆ శుక్రవారం ఒక్కదినమే వెయ్యిన్నూట ఎనభై మంది సూసినారంట. మన ఆకులో తినింది నలభై మంది. మిగిలినోళ్ళంతా మన పొంగలిని, మన పులిహోరను ఆకలి కళ్ళతో సూసి పోయినారు. యాభై ఏండ్లుగా వండతా ఉండా, తడిగుడ్డ కప్పకుండా ఒక గుండిగను వీధిలో పెట్టలా. అంతమంది దిష్టిని ఏ గుమ్మడికాయ ఆపుతాది? వెతికితే, ఆడనే తెలుగులో రాసిండాది, వెతికేవాళ్ళ కంట పడకుండా చూడు అని. ఎవురో దిష్టి సంగతి తెలిసినోడే పెట్టిండాడు అనుకోని టిక్కు పెట్టినా. ఈ కిష్టమూర్తీ నాకాడ గరిటె పట్టినోడే గదా, వాడిదానికీ పెట్టినా. ఆ నాయుడుపేటోళ్ళదీ సూసినా. పాపం, వాళ్ళూ అట్లే తెరిచి పెట్టిండారు. పాస్‌వర్డు తెలీక ఇడిసిపెట్టినా."