నెమలి గడిలో సింహాచలం

ఒక పెద్ద అడవిలో, సెల్ టవర్ కొత్తగా వచ్చిన ఏడాది, సింహాచలం అనే ముళ్లపంది ఉండేవాడు. వాడు మగవాడు, మనసుపడేదీ మగవాళ్ల మీదే. అందులో వింతేం లేదు. అడవి నిండా అలాంటివాళ్లున్నారు, కాకపోతే ఎవరి పొదలో వాళ్లు నోరు మూసుకుని ఉన్నారు. సింహాచలానికి ఒక తోడు కావాలి, అంతే పాపం.

మార్తాండం అనే పునుగుపిల్లి అలాంటివాళ్ల కోసం 'మనోళ్ల గూడు' అని జోడీలు కుదిర్చే వెబ్‌సైటు తెరిచాడు. "సిగ్గెందుకు? మీరు మీరుగా రండి!" అని చెట్టుచెట్టుకీ బోర్డు కట్టాడు. అది చదివి సింహాచలం ఏడ్చేశాడు. ఒక్క పరుగున వెళ్లి ఫారం తెరిచాడు.

'మీరే రకం?' అని అడిగింది ఫారం. గడులు మూడే: పులి, జింక, నెమలి.

"ఏటండీ ఇది? నేను ముళ్లపందిని కదా!" అని ఫోన్ చేశాడు.

"ముళ్లపందికి గడి పెడితే ప్రకటనలు ఎవడిస్తాడు బాబూ? ఏదో ఒకటి నొక్కెయ్" అన్నాడు మార్తాండం.

సింహాచలం వీపు తిప్పి, ముళ్లన్నీ విప్పి ఫొటో తీసుకున్నాడు. పురి విప్పినట్టే వచ్చింది. నెమలి గడి నొక్కేశాడు.

మర్నాడే ఒక 'పులి' పలకరించాడు. తిన్నావా, వానకి తడిశావా అని రోజూ అడిగేవాడు. నెల తిరక్కుండా సింహాచలం ప్రేమలో పడ్డాడు. ఇక ఒకటే బెంగ. ఈ ముళ్లు చూస్తే పారిపోడూ?

ఇంతలో తేనె కంపెనీ ఎలుగుబంటి, "మీ నెమళ్ల ఆట చూపించు, ప్రకటన ఇస్తా" అన్నాడు. మార్తాండం ఎగిరి గంతేసి, మైదానంలో జాతర పెట్టి సభ్యులందరినీ రమ్మన్నాడు.

వచ్చారు. నెమళ్ల వరసలో కోడిపుంజులు, ముళ్లపందులు. పులుల వరసలో నలభైమంది ఉడుతలు. చారలున్నాయి కదా! నిజం నెమలి ఒకడొస్తే, తక్కిన నెమళ్లతో పోలిక లేదని గేటు దగ్గరే ఆపేశారు.

ఎలుగుబంటి ప్రకటనా లేదు, ఏమీ లేదని లేచి వెళ్లిపోయాడు. మార్తాండం మైకు పట్టుకుని, "మోసగాళ్లు! నా గూడు కూల్చేశారు!" అని తిట్టడం మొదలెట్టాడు.

సింహాచలానికి ఒళ్లు మండింది. ముళ్లన్నీ నిక్కపొడుచుకున్నాయి. "మోసం మాదా? నేను ముళ్లపందిని! మగవాణ్ణి! మగవాణ్ణే ప్రేమించాను! ఆ పులి ఎవరైనా సరే, ఇదీ నా ఒళ్లు, చూసుకో!"

ముళ్లు చూసి జనం తలో దిక్కూ పరిగెత్తారు. మైదానంలో ఒక తాబేలు మిగిలాడు.

"నువ్వెందుకు పోలేదయ్యా?" అన్నాడు సింహాచలం.

"పోవాలని లేదు. ఉన్నా ఇంతకంటే జోరుగా పోలేను. ఆ పులిని నేనే, కూర్మారావుని" అన్నాడు తాబేలు. "దా, ఇలా దగ్గరికి."

"గుచ్చుకుంటాయి."

"నాకు డిప్ప ఉందిలే, రా."

సింహాచలం పుట్టాక మొదటిసారి ఒకరి వీపుకి ఆనుకుని కూర్చున్నాడు. చాలాసేపు లేవలేదు.

తెల్లారేసరికి సైటులో నాలుగో గడి వెలిసింది: 'నిజం ప్రేమ – ముళ్లపంది, తాబేలు రకం.' పైన మార్తాండం చాటుగా తీసిన వీళ్లిద్దరి ఫొటో, కింద తిరిగొచ్చిన ఎలుగుబంటి తేనె ప్రకటన. మధ్యాహ్నానికల్లా నలభైమంది ఉడుతలూ అదే గడి నొక్కారు.

నీతి: నిజం తప్పకుండా చెప్పండి, కాకపోతే సైటువాడు దగ్గర్లో లేడని చూసుకుని చెప్పండి.