ఏకబాతు సంహారము

వినుడు రసికజనులారా! బెల్లపు ఘుమఘుమలతో ఈగలకు సైతము స్వర్గతుల్యమైన అనకాపల్లి పురవరమున, రెండువేల నాలుగవ సంవత్సరపు మే మాసమున, ఒకానొక ఆదివారము, చర్చి ఆరాధన ముగిసి ఇంటింటా కోడికూర కుతకుతలాడు శుభవేళ, మార్కెట్టులో బెల్లపు దిమ్మలు తూచు భుజబలసంపన్నుడు, కించిద్బట్టతలవిరాజితుడు జయప్రకాశ్, ప్లాస్టిక్ తుపాకీ ధరించి టీవీ ఎదుట వీరాసనము వేసెను.

తెరపై ఎగురు బాతులను కాల్చు ఆ తుపాకీతో వచ్చిన వీడియోగేము పెట్టె సామాన్యమా! జపానున జన్మించి, దొరల దేశములనేలి, వారు అటకెక్కించిన పిమ్మట చైనాలో నకలు దేహము దాల్చి, లక్ష ఆటలున్నవని అబద్ధమాడు క్యాసెట్టును నెత్తిన పెట్టుకొని, ఓడలెక్కి లారీలెక్కి మన మెయిన్ రోడ్డు కొట్టులో వెలసినది. మిక్సీ కొనుటకై వెళ్లిన వీరుడు దానిని చూచి మనసు పారేసుకొని, మిక్సీ సొమ్ముతో దానినే కొని తెచ్చెను. పాపము, చిన్నప్పుడు ఆటబొమ్మ ఎరుగని ప్రాణి.

"ఐదింటికి కొట్టు కట్టేత్తారు. ఈలోపు ఒక్క బాతైనా పడకపోతే ఆ పెట్టె ఇచ్చీసి మిక్సీ తెచ్చీండి," అని భార్య జాయ్స్ శాసించెను.

"ఓరీ గగనచరాధమా! బస్తాలెత్తిన బాహువులివి, నిలువుము!" అని గర్జించి జయప్రకాశ్ కాల్చెను. బాతు ఎగిరిపోయెను. మూడు గంటలు కాల్చెను. తెరపై ఈకయైనను రాలలేదు.

పూడిమడక నుండి చుట్టపుచూపుగా వచ్చిన అత్తగారు ఆరోగ్యమేరి చూచి చూచి లేచెను. అల్లుని కళ్లు చల్లగా ఉండవలెనని పెళ్లినాడు ఆమె పెట్టిన నీలపుటద్దము ఎనిమిదేళ్లుగా టీవీ తెరను కప్పుచు వేలాడుచున్నది.

"అద్దం నిండా దుమ్మే బాబూ," అని ఆమె దానిని తీసి తుడుచుచుండగా, ఢాం! బాతు కూలెను!

"నేను సూళ్లేదు. మళ్లీ కొట్టండి," అని వంటింటినుండి వచ్చి నిలిచెను జాయ్స్. అద్దము యథాస్థానము చేరెను. బాతులు మరల అమరత్వమొందెను.

వీరునికి గుట్టు తెలిసెను: తెర వెలుగు తుపాకీకి అందకుండ అడ్డుకొనుచున్నది ఆ అద్దమే! కాని అత్తవారి కానుకను తీయుమని ఏ అల్లుడు నోరు తెరువగలడు? ఎనిమిదేళ్లలో ఆమె మాటకు ఎదురాడి ఎరుగడు. గడియారము ఐదుకు ఐదు నిమిషములు చూపుచుండెను.

"అత్తా... ఆ అద్దం... ఒక్కపాలి తీసీమంటావా?"

"తీసీ బాబూ! వచ్చినప్పుడల్లా నాకూ అందులో ఏటీ కనపడదు. నీకు ఇష్టమని ఊరుకున్నాను."

అద్దము తొలగెను. ఢాం! జాయ్స్ కన్నులారా చూచుచుండగా బాతు నేల కరచెను. వీరుడు సిగ్గు విడిచి గంతులేసెను.

ఇట్లు నాలుగు గంటల యాభైయేడు నిమిషములకు అనకాపల్లి పురమున ఒకానొక బాతు నిహతమయ్యెను, వీడియోగేము ఇంట నిలిచెను, మిక్సీ కొట్టులోనే మిగిలెను. విజయధ్వానములు ఇంకను చల్లారకమునుపే, బస్తాలెత్తిన ఆ బాహువులు రుబ్బురోలు ముందు కూర్చుండి రేపటి ఇడ్లీపిండి రుబ్బసాగెను.