పొద్దున బండికి బెంగళూరు వెళ్లిన నా పళ్లు

హలో, హలో! లైన్లో ఉన్నారా అప్పా, అమ్మా? రాబర్ట్‌సన్‌పేట జిరాక్స్ షాపు శివరాజ్‌ను. పోయిన నెల మాట్లాడి ఉంటే మీకు ఈల తప్ప ఏమీ వినబడేది కాదు. ఇప్పుడు స్పష్టంగానే వినబడుతుంది. దురదృష్టం!

నేరుగా విషయానికి వస్తాను. మీకు కట్టుడు పళ్లు ఉన్నాయా? ఉంటే వెంటనే విరగ్గొట్టుకోండి. సంసారానికి అంత మేలు చేసేది ఇంకొకటి లేదు!

నవ్వకండి. ముందు మా ఇంటి పరిస్థితి వినండి. మా అబ్బాయి ఉమేశ్‌కు బెంగళూరులో ఉద్యోగం. ఈ ఊరి పిల్లలందరిలాగే తెల్లవారకముందే రైలు బండెక్కుతాడు, చీకటి పడ్డాక దిగుతాడు. మా నాన్న ఈ ఊరి బంగారు గనిలో పనిచేసే రోజుల్లోనూ అంతే, వెలుతుర్లో మనిషి కనబడేవాడు కాదు. కాకపోతే ఆయన దిగింది మన ఊరి కిందికే కదా!

ఉమేశ్‌కూ నాకూ మధ్య రోజూ జరిగే సంభాషణ పూర్తిగా రాస్తున్నాను. వాడు, "తింటివా నాయినా?" నేను, "ఊఁ." అయిపోయింది. దీనికి వాడు చెవిలోని ఇయర్‌ఫోన్ కూడా తీయనక్కర్లేదు.

అలాంటి ఇంట్లో ఒక సాయంత్రం నేను చక్కిలం కొరికాను. చక్కిలానికి ఏమీ కాలేదు. నా పైసెట్టు రెండు ముక్కలైంది.

తిండి సంగతేమిటని అడుగుతారేమో. మనది కోలారు జిల్లా సార్! రాగిముద్దను నమిలేవాడెవడు? తుంచి, పులుసులో ముంచి, గొంతులోకి జార్చడమే. చపాతీలు తినే ఊళ్లవాళ్లు పాపం ఏమైపోతారో!

పైగా మా ఆవిడ సౌభాగ్య, నా మాట అర్థంకాక అన్నిటికీ "సరే" అనడం మొదలుపెట్టింది. పెళ్లయ్యాక నేను విన్న సరేలన్నీ ఆ వారంలోనివే. ముళబాగిలులో పెళ్లికి వెళ్తే మూతి బిగించుకుని ఫొటో దిగాను. హైకోర్టు జడ్జిలా వచ్చింది!

మధ్యలో నేనూ ఒక ప్రయత్నం చేశాను. చెప్పులు అంటించే జిగురుతో పళ్లు అంటించాను. సౌభాగ్య చూసి, "పైపండ్లు ముళబాగిలు దిక్కు, కిందిపండ్లు బంగారుపేట దిక్కు చూస్తా ఉండాయి. నువ్వు యాడికి పోతావు ఇప్పుడు?" అంది.

కానీ అసలు లాభం ఇవేవీ కాదు. పళ్లు విరిగిన రాత్రి ఉమేశ్ వచ్చి, "తింటివా నాయినా?" అన్నాడు. నేను మాట్లాడబోతే ఈల వచ్చింది. వాడు ఆగాడు. ఇయర్‌ఫోన్ తీశాడు!

"ఏమంటివి? ఏమాయె నీకు? నోరు తెరువు."

ఫోన్ టార్చి వేసి నా నోట్లోకి తొంగి చూశాడు. వాడి కంపెనీలో ఏ ఫైలునూ అంత శ్రద్ధగా చూసి ఉండడు. నేను నోరు మూయడం కొంచెం ఆలస్యం చేశాను.

పళ్ల డాక్టరమ్మేమో, "ఇది ఈడ చేసేకి కాదప్పా, బెంగళూరు ల్యాబుకి పంపించాల" అంది. ఈ ఊళ్లో ఏది బాగుపడాలన్నా బెంగళూరు పోవాల్సిందే కదా. అలా నా పళ్లు కూడా ఉమేశ్ సంచిలో పొద్దున బండికి డ్యూటీకి బయల్దేరాయి.

సౌభాగ్య వాటిని చిన్న స్టీలు డబ్బాలో పెట్టింది. వాడి మధ్యాహ్నం అన్నంలోకి నిమ్మకాయ ఊరగాయను కూడా అలాంటి డబ్బాలోనే పెట్టింది. మిగతాది మీరు ఊహించుకోండి.

ఆ రాత్రి ఉమేశ్ గుమ్మంలోనే మొదలుపెట్టాడు. "ఏమ్మా, మా మేనేజరు ఊరగాయ అడిగితే నాయిన పండ్లు తీసి ముందర పెడితిని! ల్యాబోడు ఫోన్ చేసి, 'సార్, సెట్టు యాడ? ఇంత కారం పంపినారే' అంటాడు!"

"మేనేజరు రుచి చూసినాడా?" అన్నాను, ఈల మధ్యలో.

"నవ్వొద్దు నాయినా!" అని వాడే నవ్వాడు. నవ్వి నవ్వి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మేనేజరు మొహం ఎలా పెట్టాడో చేసి చూపించాడు. ఆ మేనేజరు పేరేమిటో, తిడతాడో లేదో, ఉమేశ్ కుర్చీ కిటికీ పక్కనే ఉంటుందో లేదో, అన్నీ ఆ రాత్రే తెలిశాయి నాకు. ముద్దలు చల్లారిపోయాయి. ఎవరూ పట్టించుకోలేదు.

ఆ తర్వాత రోజూ వార్తలే. "ఇంగా కాలేదంట నాయినా." "పండ్లకు రంగు ఏది కావాలంటాడు ల్యాబోడు." "ఒకసారి నోరు తెరువు, ఫొటో పంపాలంట." చెప్పండి, విరిగిన పళ్లు ఇంత చేస్తాయా లేదా?

చివరికి ఒక రాత్రి పళ్లు వచ్చేశాయి. దిట్టంగా ఉన్నాయి. ఉమేశే నా నోట్లో పెట్టి, వెనక్కి జరిగి చూశాడు.

"బాగుండాదా?"

"ఊఁ," అన్నాను. ఈల లేదు. చాలా స్పష్టంగా వచ్చింది.

వాడు ఇయర్‌ఫోన్ పెట్టుకున్నాడు.

అదండీ సంగతి. ఇవాళ సౌభాగ్యను చక్కిలాలు చేయమన్నాను. పిండి కొంచెం గట్టిగా కలపమన్నాను.

ఈ కథను మీ గ్రూపులన్నిట్లో వేయండి. పళ్లున్నవాళ్లకూ లేనివాళ్లకూ పంపండి. మా ఉమేశ్ నంబరు ఉన్నవాళ్లు మాత్రం దయచేసి వాడికి పంపొద్దు. బండిలో చదివాడంటే, ఇంటికొచ్చి చక్కిలాల డబ్బా దాచేస్తాడు.