ప్రసోజోకి ప్రగాఢ సంతాపం

మలాంగ్‌లోని ఆ కాలేజీలో పరిశోధక విద్యార్థుల సహాయ కేంద్రం అంటే రెండు గదులు, ఒక కాఫీ ఫ్లాస్కు, వినార్సి అనే ఒక మనిషి. థీసిస్‌లో వాక్యాలు సరిదిద్దడం, మౌఖిక పరీక్షకు తర్ఫీదు ఇవ్వడం, ఉద్యోగాలకు దరఖాస్తులు రాయించడం, చదువు మానేస్తామని ఏడ్చేవాళ్లకు ఏదో ఒకటి తినిపించి మళ్లీ కూర్చోబెట్టడం ఆమె పని. ఆ రోజుకి ఆమె వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి ప్రసోజో మౌఖిక పరీక్ష. గేటు దగ్గర ఒక అభినందన పూల బోర్డు. మధ్యాహ్నం అందరికీ బాతు కూర. ఏడేళ్లు బాతుల మీదే పరిశోధన చేసినవాడికి బాతు కూర పెట్టడం బాగుండదని ముందురోజే దాన్ని కోడికి మార్చింది.

ప్రసోజో నలభైకి దగ్గరపడిన మనిషి. వరిమళ్లలో నత్తల్ని తినే బాతులే అతని డాక్టరేటు. కాలేజీ ఇచ్చే గడువూ ఏడేళ్లే. అది మర్నాటితో తీరిపోతుంది. ఆ తర్వాత బాతులు మిగులుతాయి, పట్టా మిగలదు. మధ్యలో రెండుసార్లు అన్నీ వదిలేసి ఊరికి వెళ్లిపోతే వెనక్కి లాక్కొచ్చినవాళ్లు ఇద్దరు. ఒకరు వినార్సి, ఇంకొకరు అతని గురువు ప్రొఫెసర్ దర్మాజీ. ఆయన కొన్ని నెలలుగా మంచం పట్టారు. అయినా "వాడి పరీక్షకి చక్రాల కుర్చీలోనైనా వస్తా" అని అందరికీ చెప్పుకున్నారు.

వినార్సి కాఫీ కలుపుకుంటుండగా దర్మాజీ గారి భార్య సుమిరా ఫోన్ చేసింది.

"ఆయన వెళ్లిపోయారు వినార్సీ. మధ్యాహ్నం నమాజు కాగానే తీసుకెళ్లిపోతారు." గొంతు సవరించుకుని మళ్లీ అంది. "ప్రసోజోకి మాత్రం పరీక్ష అయ్యేదాకా చెప్పకు. నిన్న కూడా అదే మాట. 'నేను పోయినా వాడి పరీక్ష ఆగకూడదు' అని."

"అలాగేనక్కా" అంది వినార్సి.

ఆ ఊళ్లో పెళ్లికీ చావుకీ దుకాణం తెరవడానికీ ఒకటే పూల బోర్డు. మనిషికన్నా ఎత్తుగా ఉంటుంది. మారేది అక్షరాలే. ఆమె కళ్లు తుడుచుకుంటూ పూలకొట్టు తోహిర్‌కి ఫోన్ చేసింది.

"తోహిర్ గారూ, ఇంకో బోర్డు కావాలి. సంతాపం."

"అయ్యయ్యో! పేరు నిన్నటిదేనా అమ్మా?"

పంపేవాళ్ల పేరు అడుగుతున్నాడనుకుంది వినార్సి. నిన్న చెప్పింది సహాయ కేంద్రం పేరే కదా.

"ఆఁ, నిన్నటిదే. ఒకటి ప్రొఫెసర్ దర్మాజీ గారింటికి, ఒకటి కాలేజీకి. తొందరగా."

"పాపం, పరీక్ష పెట్టుకుని..." అని తోహిర్ ఏదో అంటూనే ఉన్నాడు. ఆమె ఏడుపు ఆపుకోలేక ఫోన్ పెట్టేసింది.

ఆమె కాలేజీకి చేరేసరికి గేటు దగ్గర జనం మూగి ఉన్నారు. వాళ్ల తలల మీదుగా తెల్లపూల అక్షరాలు కనిపించాయి. 'ప్రసోజో మృతికి ప్రగాఢ సంతాపం. పరిశోధక విద్యార్థుల సహాయ కేంద్రం.'

వాచ్‌మన్ జుమాదీ స్తంభానికి ఆనుకుని భోరుమంటున్నాడు. "నిన్న సాయంత్రమే నా దగ్గర సిగరెట్టు తీసుకున్నాడమ్మా! రేపు పెట్టె కొనిస్తానన్నాడు!"

"ఏడవకు జుమాదీ. అతను బతికే ఉన్నాడు."

"అవునమ్మా" అన్నాడు జుమాదీ ముక్కు తుడుచుకుని. "మన గుండెల్లో ఎప్పుడూ బతికే ఉంటాడు."

అతనికి నచ్చజెప్పే వేళ కాదని వినార్సి మెట్లెక్కి పరుగెత్తింది. అప్పటికే బోర్డు ఫొటో కాలేజీలో అందరి ఫోన్లలోకీ వెళ్లిపోయింది. ప్రసోజో అద్దెకుంటున్న ఇంటావిడ చావుకి వచ్చేవాళ్లకని వండిన అన్నం పట్టుకుని బయలుదేరిందని కబురు. పరీక్షా సంఘం అధ్యక్షుడు డాక్టర్ హండోకో పరీక్ష రద్దు చేసేశాడు. సురబాయా నుంచి వచ్చిన పరీక్షకుణ్ణి తిరిగి స్టేషన్‌కి పంపించేశాడు కూడా.

"బోర్డు పెట్టిందీ నువ్వే, బతికున్నాడంటున్నదీ నువ్వే. ఏంటమ్మా ఇది?" అన్నాడు హండోకో.

"పొరపాటు జరిగింది సార్. పోయింది ప్రసోజో కాదు. దర్మాజీ గారు."

నోట్లోంచి వచ్చేశాక గానీ తను ఎవరితో చెప్పిందో వినార్సికి గుర్తురాలేదు. అతనూ దర్మాజీ గారూ చిన్నప్పటి స్నేహితులు. హండోకో కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"దర్మాజీనా" అన్నాడు. తర్వాత లేచాడు. "స్టేషన్ నుంచి ఆ సురబాయా ఆయన్ని వెనక్కి పిలిపించు. పరీక్ష పెడదాం."

పెట్టడం అనుకున్నంత తేలిక కాలేదు. పరీక్షల ఆఫీసువాళ్లు వాళ్ల జీవితంలో మొదటిసారి చురుగ్గా పనిచేసి ప్రసోజో పేరు ఎదురుగా 'మరణించారు' అని కంప్యూటర్లో ఎక్కించేశారు.

"చనిపోయినవాళ్లకి గది ఇవ్వడానికి రూల్సు ఒప్పుకోవమ్మా" అంది అక్కడి అమ్మాయి.

"మరేం చెయ్యాలి?"

"అభ్యర్థి స్వయంగా వచ్చి చెప్పుకోవాలి."

అభ్యర్థిని తీసుకురావడానికి వినార్సి గేటుకి పరుగెత్తింది. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా తొడుక్కుని, ప్రసోజో తన పేరున్న బోర్డు ముందు నిలబడి ఉన్నాడు. చెవి దగ్గర ఫోన్. కొంచెం దూరంలో జుమాదీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వణుకుతున్నాడు. ఆమెను చూసి ప్రసోజో ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"అక్షరాలు బాగున్నాయమ్మా" అన్నాడు నవ్వి. "నా పేరు ఇంత పెద్దగా ఇంతవరకూ ఎవరూ రాయలేదు."

"తప్పు నాదే బాబూ. తర్వాత అంతా చెప్తాను. ముందు నువ్వు బతికున్నావని ఆఫీసులో చెప్పాలి, రా."

"సార్ వస్తున్నారా?"

ఇన్నేళ్లలో ఆమె ఏ విద్యార్థికీ అబద్ధం చెప్పలేదు. "కొంచెం ఆలస్యమవుతుందట. మొదలుపెట్టెయ్యమన్నారు."

అతను ఆమె ముఖంలోకి కాసేపు చూశాడు. అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి. నిద్ర లేక కాబోలనుకుంది. "సరే అమ్మా, మొదలుపెడదాం" అన్నాడు.

తను బతికున్నానని ఆఫీసులో సంతకం పెట్టాక గది ఇచ్చారు. తర్ఫీదులో ఎప్పుడూ తడబడి, నీళ్లు నమిలే మనిషి ఆ రోజు ఒక్క మాట కూడా తడుముకోలేదు. గురువు కోసం వేసిన ఖాళీ కుర్చీ వైపు చూస్తూ, ఆయన ఒక్కరికే చెబుతున్నట్టు చెప్పాడు. సురబాయా పరీక్షకుడు ఆఖరి ప్రశ్న వేశాడు.

"మీ పరిశోధనలో మీకు కనిపించే పెద్ద లోపం ఏమిటి?"

"ఆలస్యం సార్" అన్నాడు ప్రసోజో. "ఇంకొన్నాళ్లు ముందే పూర్తిచేసి ఉండాల్సింది."

హండోకో కిటికీ వైపు తిరిగి దగ్గాడు. కాసేపటికి, బయటికి వచ్చి, ప్రసోజో ఉత్తీర్ణుడయ్యాడని ప్రకటించాడు.

వరండాలో వినార్సి అతని చెయ్యి పట్టుకుంది. "బాబూ, నీకో మాట చెప్పాలి. ముందు కూర్చో."

"కూర్చుంటే నమాజు అయిపోతుందమ్మా. బండి తాళాలు ఇటివ్వండి, నేను నడుపుతా."

ఆమె తాళాలు తియ్యబోయి ఆగింది. "నీకెప్పుడు తెలిసింది?"

"గేటు దగ్గరే. బోర్డు కింద నంబరుంటే ఫోన్ చేశాను. 'నేను ప్రసోజోని' అంటే తోహిర్ గారు కాసేపు దేవుణ్ణి తలుచుకున్నారు. తర్వాత అంతా చెప్పారు. మీరు ఏడుస్తూ ఫోన్ చేశారని, సంతాపం అన్నారని, దర్మాజీ గారింటి పేరు చెప్పారని. ఇంకేం చెప్పాలి?"

"మరి నాతో అనలేదేం?"

"మీరు అంత కష్టపడి దాస్తున్నారు. పాడుచెయ్యబుద్ధి కాలేదు."

ఉదయం నుంచి ఆపుకున్నదంతా ఒక్కసారి తన్నుకొచ్చి వినార్సి మెట్ల మీదే కూలబడింది. అతను పక్కన కూర్చున్నాడు. ఆ నిమిషంలో ఎవరు ఎవరిని ఓదార్చారో చెప్పడం కష్టం. లేచి బండెక్కాక ఆమెకు హఠాత్తుగా ఒక అనుమానం వచ్చింది. సంతాపం బోర్డు కాలేజీకి వస్తే, అభినందన బోర్డు ఎటు పోయింది?

అది దర్మాజీ గారి వాకిట్లో ఉంది. ఎర్రటి పూలతో, బంగారురంగు అంచుతో. 'ప్రొఫెసర్ దర్మాజీ గారికి అభినందనలు! ఎట్టకేలకు పూర్తయింది! ఇక హాయిగా విశ్రాంతి తీసుకోండి!' చనిపోయినవాడి పేరు అభినందనల్లో ఉంచడం బాగుండదని తోహిర్ దాన్ని పీకేసి, ప్రొఫెసర్ గారు పదవీ విరమణ చేస్తున్నారు కాబోలనుకుని ఆయన పేరు అతికించాడట. దాని నీడలో కూర్చున్న పెద్దమనుషులంతా ఎటో అటు చూస్తున్నారు.

వినార్సి బండి ఆగకుండానే దిగి బోర్డు మీదికి వెళ్లింది.

"ముట్టుకోకు!" అంది గుమ్మంలోంచి సుమిరా.

"క్షమించక్కా, నా వల్లే..."

"మా మరిది కూడా రెండుసార్లు పీకబోయాడు. నేనే ఒప్పుకోలేదు. 'పూర్తయింది' అన్న మాట కోసం ఆయన ఏడేళ్లు చూశారు వినార్సీ. బోర్డు దిగగానే లోపలికెళ్లి చదివి వినిపించాను. నిజమో కాదో తెలియకుండానే వినిపించేశాను." ఆమె ప్రసోజో వైపు తిరిగింది. "పూర్తయిందా నాయనా?"

"పూర్తయిందమ్మా."

"అయితే పో. నువ్వే చెప్పు."

అతను చెప్పులు విప్పి లోపలికి వెళ్లాడు. ఏం చెప్పాడో ఎవరికీ వినపడలేదు. పాడె ఎత్తినప్పుడు ముందు కొమ్ము అతని భుజం మీదే ఉంది. బోర్డు పక్కనుంచే తీసుకెళ్లారు.

కొన్నాళ్లకు ప్రసోజో ఉద్యోగం దరఖాస్తు రాసుకోవడానికి సహాయ కేంద్రానికి వచ్చాడు. కెదిరిలో ఒక వ్యవసాయ పరిశోధన సంస్థ. అన్నీ రాశాక ఒక్కచోట పెన్ను ఆగిపోయింది. అతని పని గురించి చెప్పగల పెద్దవాళ్లు ఎవరని అడిగారు. చెప్పగలిగినవారు దర్మాజీ గారొక్కరే, ఆయన లేరు. ఈ సంగతి విని సుమిరా తనే వచ్చింది.

"నా పేరు రాయండి. ఏడేళ్లు రోజూ రాత్రి అన్నం దగ్గర మా ఇంట్లో ఆ బాతుల మాటే. ఇంకో మాట విన్నదెప్పుడు నేను?"

వినార్సి రాసింది. ఆ సంస్థ అధికారి ఓ మధ్యాహ్నం సుమిరాకి ఫోన్ చేశాడు. భర్త పోయినప్పటి నుంచి నలుగురితో కలిపి నాలుగు మాటలైనా ఆడని మనిషి ఆ రోజు నోరు విప్పింది. వాన వెలిసిన మర్నాడు బాతులు మళ్లోకి ఎందుకు దిగవో చెప్పింది. ప్రసోజో కాలవలో పడ్డ రోజు గురించీ, ఆ రాత్రి తన భర్త ఎంత నవ్వారో, ఆ నవ్వు ఎలా ఉండేదో కూడా చెప్పింది. మధ్యలో ఆగి, నీళ్లు తాగి, మళ్లీ మొదలుపెట్టింది. ఆ అధికారి పాపం ఒక్కసారి కూడా అడ్డు తగల్లేదు.

ఉద్యోగం ప్రసోజోకే ఇచ్చారు. ఆ ఫోన్ పెట్టెయ్యడానికి వాళ్లకి మరో దారి దొరకలేదట.