నాలుగు డబ్బాల వెనిలా

ఆ ఉదయం తండ్రి వేసుకున్న పథకం చిన్నది. పాపకు నొప్పి మందు పట్టాలి, కాసేపు ఆగాలి, ఐస్‌క్రీం తినిపించాలి. మొన్న పాపకు టాన్సిల్స్ తీశారు. అప్పటినుంచి ఆమె మందు తప్ప ఏదీ మింగడం లేదు. గ్లాసు చూపిస్తే మూతి బిగిస్తోంది. పొద్దున్నే ఫోన్ చేస్తే డాక్టరు ఒకటే చెప్పాడు.

"సాయంత్రంలోగా ఒక గ్లాసు నీళ్లయినా కడుపులో పడాలండి. లేదంటే తీసుకొచ్చేయండి, సెలైన్ ఎక్కిద్దాం."

"రాత్రికి నేను పక్కనే ఉండొచ్చాండీ?"

"పిల్లల వార్డులో రాత్రిపూట ఆడవాళ్లనే ఉండనిస్తారు. వాళ్లమ్మని పంపండి."

వాళ్లమ్మ పోయి రెండేళ్లయింది. ఆ సంగతి చెప్పినా వార్డు రూలు మారదని ఆయన ఫోన్ పెట్టేశాడు.

పాపను ఇంట్లో పిట్ట అంటారు. ఇంట్లో ఉన్నది ఇద్దరే కాబట్టి అనేది ఆయనొక్కడే. నిద్ర లేచింది మొదలు వాగుతూనే ఉంటుందని ఆ పేరు. కుళాయి రాత్రిపూటే ఎందుకు కారుతుంది, చీమలు దారిలో ఆగి ఏం చెప్పుకుంటాయి, నాన్న సాక్సులు రెండూ ఒకే రంగు ఎందుకు కావు అని ఆమె అడిగేది. ఆయన "ఊఁ" అనేవాడు. ఇప్పుడు ఆ గొంతు లేదు. ఫ్రిజ్ మోత వినిపిస్తోంది. ఫ్రిజ్‌కు మోత ఉందని ఆయనకు ఇన్నాళ్లూ తెలియదు.

ఆయన ఉద్యోగం ఐస్‌క్రీం గోదాంలో. పాప కోసం తేవాలనుకున్నప్పుడు చెయ్యి అలవాటు కొద్దీ హోటళ్లకు పంపే డ్రమ్ము మీదికి పోయింది. గోదాం గదులు తప్ప ఇంకో ఫ్రీజర్ కొలత ఆయనకు ఎప్పుడూ అవసరం పడలేదు. ఇంటికొచ్చి తెరిచి చూస్తే తన ఫ్రీజర్‌లో ఐసు ట్రే ఉంది. ట్రే తీస్తే ఒక కప్పుకు చోటుంది.

పిట్టకు ఒక చెంచా చూపించాడు. పిట్ట గోడవైపు తిరిగింది. ఆ చెంచా కప్పులోకి, కప్పు ఫ్రీజర్‌లోకి వెళ్లాయి. డ్రమ్ములోది అంచుల దగ్గర కరగడం మొదలుపెట్టింది. కరిగింది మళ్లీ గడ్డకడితే పనికిరాదని గోదాంలో కొత్తవాళ్లకు పాఠం చెప్పేది ఆయనే. మిగిలినదంతా నాలుగు స్టీలు డబ్బాలకు ఎత్తి, ఇరుగుపొరుగు ఫ్రిజ్‌లలో దాచమని అడగడానికి బయల్దేరాడు. ఆ అపార్ట్‌మెంట్‌కు వచ్చి నాలుగు నెలలైంది. తలుపు తట్టడం ఇదే మొదలు.

ఎదురింట్లో ఉండేది రిటైరైన టీచరమ్మ.

"అమ్మా, ఈ డబ్బా కాస్త..."

"ఏంటి నాయనా విశేషం?" అంటూనే ఆవిడ మూత తీసింది, వేలు ముంచింది, నాకింది. "వెనిలానా! పాప పుట్టినరోజా?"

ఎంగిలి పడిన డబ్బాను వెనక్కి ఎలా అడగాలో ఆయనకు తోచలేదు. "ఫ్రిజ్‌లో పెడతారేమోనని..."

"ఫ్రిజ్‌లో పెడితే మా కోడలి కంట పడుతుంది. నాకు షుగరు. అది వచ్చేలోపు కానిచ్చేస్తా."

కింది అంతస్తు టైలరుకైనా అసలు సంగతి చెప్పాలనుకుంటూ ఆయన మెట్లు దిగాడు. ఆయనకంటే ముందు టీచరమ్మ కేక దిగింది. "టైలరూ! పైన పాప పుట్టినరోజట!" టైలరు పిల్లలు రెండు డబ్బాలు లాక్కున్నారు. చెంచాల కోసం కూడా ఆగలేదు. నాలుగో డబ్బా అపార్ట్‌మెంట్ సెక్రటరీ చేతికి పోయింది. అందరి మీదా అరవడం సెక్రటరీకి అలవాటు.

"ఏమండీ, పుట్టినరోజు పెట్టుకుని గుమ్మంలో డబ్బా ఇచ్చేసి పోతారా? మేమేమన్నా పరాయివాళ్లమా?"

"అది కాదండీ, అసలు..."

"అసలూ లేదు, వడ్డీ లేదు. సాయంత్రం అందరం వస్తున్నాం!"

ఆయన నోరు తెరిచాడు. పరాయివాళ్లమా అని కోప్పడిన మనిషి ఈ నాలుగు నెలల్లో తగల్లేదు. నోరు మూసుకుని పైకొచ్చాడు.

మధ్యాహ్నమంతా ఆయన గ్లాసు పట్టుకుని మంచం పక్కన కూర్చున్నాడు. బతిమాలాడు. కోప్పడ్డాడు. తానే రెండు గ్లాసులు తాగి చూపించాడు. పిట్ట తల అడ్డంగా ఊపింది. కళ్లలో నీళ్లున్నాయి. ఆయన లేచి సంచిలో ఆమె గౌను, తువ్వాలు, దిండు పెట్టాడు. రాత్రి ఆ వార్డులో ఆమె నిద్ర లేచి పిలవాలంటే గొంతు లేదు. పిలిచినా ఆయన ఉండేది గేటు బయట.

సాయంత్రం తలుపు చప్పుడైంది. టీచరమ్మ రంగు పెన్సిళ్లు తెచ్చింది. టైలరు మధ్యాహ్నం కుట్టిన గౌను తెచ్చాడు.

"కొలతలు తీసుకోలేదు సార్. ఒకసారి మెట్ల మీద చూశాను, చాలు."

పిట్టకు తొడిగితే అది నేల తాకింది. "పెరుగుతుందిలే," అన్నాడు టైలరు.

"ఎన్నేళ్లు తల్లీ నీకు?" అంది టీచరమ్మ. పిట్ట చెయ్యి అడ్డంగా ఊపింది. "అబ్బో, సిగ్గు!"

"అయిదుంటాయి," అన్నాడు టైలరు.

"ఆరు," అన్నాడు సెక్రటరీ. "నాకు తెలుసు."

పిట్ట తండ్రి వంక చూసింది. తండ్రి ఫ్యాను వంక చూశాడు. ఈలోగా టైలరు చిన్నకొడుకు ఫ్రీజర్ తెరిచి పిట్ట కప్పు ఖాళీ చేశాడు. తండ్రి సంచి కోసం వంగాడు. అప్పుడే సెక్రటరీ గొంతు సవరించుకున్నాడు.

"ఇవాళ ఆరేళ్లు నిండిన ఈ చిన్నారి, నాలుగు నెలలుగా మన మధ్యే ఉన్నా ఒక్కరోజూ గొంతు వినపడలేదు. బుద్ధిమంతురాలు. నోట్లో నాలుక లేని పిల్ల..."

పిట్ట మంచం దిగింది. గౌను ఎత్తిపట్టుకుని బల్ల దగ్గరికి నడిచింది. గ్లాసు తీసుకుని ఒక గుటక వేసింది. మొహం ముడుచుకుంది. ఇంకో గుటక వేసింది. గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఆగలేదు.

"నాకు ఎనిమిదేళ్లు," అంది. గొంతు గరగరలాడింది. "ఇవాళ నా పుట్టినరోజు కాదు. నాకు నాలుక ఉంది. టాన్సిల్సే లేవు."

తండ్రి సంచి కింద పెట్టి అంతా చెప్పాడు: డ్రమ్ము, ఫ్రీజర్, డాక్టరు, వార్డు.

"ఆడమనిషి కావాలంటే నేను లేనటయ్యా?" అంది టీచరమ్మ. "ఎదురుగుండానే చచ్చాను కదా! అడిగితే నీ సొమ్మేం పోయింది?"

"ఎలా అడగాలో తెలియలేదమ్మా."

"ఐస్‌క్రీం పంచడం తెలిసిందిగా!"

"సార్, మరి గౌను..." అని టైలరు చెయ్యి చాపాడు. పిట్ట రెండడుగులు వెనక్కి వేసింది. "నేను పెరుగుతానన్నావుగా," అంది. ఆ మాట అనడానికి ఇంకో అర గ్లాసు తాగాల్సి వచ్చింది.

వాళ్లు ఇంకా కూర్చుని ఉండగానే డాక్టరు ఫోన్ చేశాడు. గ్లాసున్నర తాగిందని తండ్రి చెప్పాడు.

"తాగిందా? ఎలా తాగించారు?"

"అందరూ చేరి దాని గురించి తప్పులు మాట్లాడారండీ. సరిదిద్దడానికి తాగింది."

డాక్టరు కాసేపు ఆలోచించి, ఇంకో వారం మూడు పూటలా అలాగే కొనసాగించమన్నాడు.